ఎవరికీ దెబ్బ తగలకపోతే కేసే ఉండదా?

"ఎవరికీ దెబ్బ తగలకపోతే అజాగ్రత్తగా నడపడం నేరమే కాదు. స్పీడు లిమిట్‌లో ఉంటే ఎవరూ ఏమీ అనలేరు. ఒకవేళ గుద్దినా, కావాలని చేయలేదు కాబట్టి కేసు నిలవదు. చలానా కట్టినా, రాజీ పడినా అక్కడితో సరి." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. కొత్తగా బండి పట్టిన పిల్లలు కూడా దీన్ని నమ్మి పంచుకుంటుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

మొదటి మాటే తప్పు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ (పాత ఐపీసీ 279) చూడండి. జనం తిరిగే దారిలో ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చేలా, దెబ్బ తగిలే అవకాశం ఉండేలా నిర్లక్ష్యంగా నడిపితే చాలు, ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దెబ్బ తగిలి తీరాలని అందులో లేదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఇంకా గట్టిది. రెడ్ లైట్ దాటడం, ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం, రాంగ్ రూట్‌లో రావడం వంటివన్నీ ప్రమాదకర డ్రైవింగేనని 2019 సవరణలో పేరు పెట్టి మరీ రాశారు. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

స్పీడు సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. "స్పీడుగా వెళ్లాడు" అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు 1998లో కర్ణాటకకు చెందిన ఒక లారీ కేసులో చెప్పింది. అలాగని స్పీడు తక్కువుంటే చాలనీ కాదు. ఆ చోటు ఎలాంటిది, అప్పుడక్కడ రద్దీ ఎంత, ఎంత ఉంటుందని అనుకోవచ్చు అన్నవన్నీ చూడమంటుంది 184. బడి వదిలే వేళ గేటు ముందు బస్సు ఆగి ఉంది. దిగిన పిల్లలు బస్సు ముందు నుంచే రోడ్డు దాటుతారని ఎవరికైనా తెలుసు. అక్కడ హారన్ కొడుతూ నలభైలో బస్సును దాటేసినవాడు లిమిట్‌లోనే ఉండొచ్చు, జాగ్రత్తలో మాత్రం లేడు. కేసైతే స్పాట్ పంచనామాలో టైర్ల గుర్తులు ఎక్కడ మొదలయ్యాయో, బండి ఎక్కడ ఆగిందో రాస్తారు. వెహికల్ ఇన్‌స్పెక్టర్ బ్రేకులు పరీక్షిస్తారు. అవి బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చాక "బ్రేకు పడలేదు సార్" అంటే నమ్మేదెవరు?

కావాలని చేయలేదన్న వాదనకు అసలు చోటే లేదు. కావాలని గుద్దితే అది హత్య, హత్యాయత్నం దాకా పోతుంది. నిర్లక్ష్యం వల్ల పోయిన ప్రాణాల కోసమే న్యాయ సంహితలో 106(1) సెక్షన్ ఉంది. శిక్ష ఐపీసీలో రెండేళ్ల వరకే ఉండేది, ఇప్పుడు ఐదేళ్ల వరకు.

చలానాతో తీరిపోతుందా? మోటారు వాహనాల చట్టం ఉన్నంత మాత్రాన శిక్షాస్మృతి కింద కేసు పెట్టకూడదనేమీ లేదని 2019లో అరుణాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. రాజీ మాటకొస్తే, గాయాల కేసుల్లో కోర్టు అనుమతిస్తేనే కుదురుతుంది. న్యాయ సంహిత 281, 106 సెక్షన్లు రాజీకి వీలున్న నేరాల జాబితాలోనే లేవు.

ఈ రాజీ మాటే నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. కింద పడ్డ మనిషి నెత్తురోడుతుంటే పక్కన బేరాలు మొదలవుతాయి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు మొదట చేయాల్సింది గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడటం. జనం మీద పడి కొట్టే పరిస్థితి లాంటిది ఉంటే తప్ప దీనికి మినహాయింపు లేదు. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోగా, దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలి. ఇది ఎగ్గొడితే అదే చట్టం 187 కింద మరో కేసు, దానికీ ఆరు నెలల వరకు జైలు ఉంది.