ఓ.పి. చీటీ గారికి బహిరంగ లేఖ

అయ్యా ఓ.పి. చీటీ గారూ,

కర్నూలులో మీరు చేతిలో లేనిదే ఏ డాక్టరూ తలెత్తి చూడరు. అందుకే ఫిర్యాదు నేరుగా మీకే రాస్తున్నా. మీ మీద ‘బాధ’ అన్న చోట ఒక్క గీతే ఉంటుంది. మనిషికి ఒకసారికి ఒక రోగమే రావాలని మీ రూలు కాబోలు. మా పెద్దనాయన ఆ రూలు తప్పినాడు.

యాభై దాటినాక ఆయనకు రెండు కళ్ళ రెప్పలూ పసుపు రంగుకు తిరిగి, గట్టిగా వాచినాయి. ఇంచుమించు అప్పుడే ఎన్నడూ లేని ఆయాసం, రాత్రిళ్ళు పిల్లికూతలు. కంటి విభాగంలో మీ మీద ‘రెప్పల వాపు’ అని పడింది. కొలెస్ట్రాల్ అయ్యుంటుందని ఉగ్గాని పక్కన బజ్జీ మాన్పించారు. ఊపిరితిత్తుల దగ్గర ‘ఆయాసం’ అని పడింది. దుమ్ము పడలేదన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు. ఎదురుగా కూర్చున్న ముఖం ఆ డాక్టరుకు కనబడలేదా? కనబడింది. కానీ రెప్పలు చీటీలో లేవు కదా!

చివరికి గాయత్రి ఎస్టేట్‌లో ఒక డాక్టరమ్మ రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చదివారు. రెప్పలోంచి చిన్న ముక్క తీయించారు. మైక్రోస్కోపు కింద నురుగు నిండినట్టున్న హిస్టియోసైట్లు అనే రక్షణ కణాలు, మధ్యలో కేంద్రకాలు దండలా గుండ్రంగా చేరిన టౌటన్ కణాలు. పెద్ద వయసులో మొదలయ్యే ఆస్తమాతో జత కట్టి కంటి చుట్టూ వచ్చే జాంథోగ్రాన్యులోమా అనే పసుపు గడ్డల జబ్బు అట. చాలా అరుదు. ముక్కతో పాటు వెళ్ళిన కాగితంలో కూడా ‘రెప్ప గడ్డ’ అనే ఉంది. ఆయాసం సంగతి ఆవిడే పెన్నుతో అంచున ఇరికించారు. ఆ రాత లేకపోతే ల్యాబు వాళ్ళకు సగం కథే తెలిసేది. మీ అంచుకు మాత్రం నా దండాలు.

పని ఇంకా తీరలేదు. ఇలాంటి కణాలే ఎర్డ్‌హైమ్-చెస్టర్ జబ్బులోనూ ఉంటాయి. 1930లో బయటపెట్టిన జబ్బు అది. గుండె దాకా, మూత్రపిండాల చుట్టూ పాకగలదు. దాదాపు సగం మందిలో బీఆర్‌ఏఎఫ్ జన్యువులో మార్పు ఉంటుంది, వాళ్ళకు మందే వేరు. పెద్దనాయనది ఆ జబ్బు కాదని తేల్చాలంటే మోకాళ్ళ దగ్గరి ఎముకలు చూడాలి, ఎక్కువగా అక్కడే గుర్తులు వదులుతుంది.

స్కాన్‌కు మళ్ళీ కొత్త చీటీ కావాలన్నారు. తెచ్చుకున్నాం. ‘బాధ’ దగ్గర కౌంటరులో ఉన్నాయన ‘కాళ్ళ నొప్పి’ అని రాసిచ్చినాడు. పెద్దనాయనకు కాళ్ళ నొప్పి లేదు.

ఇట్లు,
వరుసలో నిలబడిన వాడు