గొంతు దాకా వెళ్లి నోరు చూడని టార్చి గారికి

మహారాజశ్రీ మా ఫ్యామిలీ డాక్టరు గారి పెన్ టార్చి గారికి,

మీ పాత పేషెంటు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నా పళ్లు తప్ప. తమరి బ్యాటరీలు కూడా క్షేమమని తలుస్తాను.

మన పరిచయం ఇరవై ఏళ్లది. జలుబన్నా, జ్వరమన్నా, ఊరికే నీరసంగా ఉందన్నా డాక్టరు గారు సొరుగు లాగి మిమ్మల్ని బయటికి తీస్తారు. అరచేతిలో ఒకసారి కొట్టి వెలిగిస్తారు. "నోరు తెరవండి. ఆ... అనండి" అంటారు. నేను అంటాను. తమరు సూపర్‌ఫాస్ట్ రైల్లా నాలుక మీదుగా దూసుకుపోయి గొంతు దగ్గర ఆగుతారు. దారిలో 32 స్టేషన్లు. ఒక్కదాంట్లో హాల్టు లేదు. పుచ్చిపోయిన దవడపన్ను ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంటుంది. మీరు "గొంతు కొంచెం ఎర్రగా ఉంది" అని తేల్చేసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోతారు.

తప్పు మీదని అనను. మీకు రూటు మ్యాపు అలా ఇచ్చారు. మెడ నుంచి పైకి ఉన్నదంతా ఎలా పరీక్ష చేయాలో మెడికోలకు నేర్పేటప్పుడు ఇంగ్లీషులో ఐదు మాటలు బట్టీ పట్టిస్తారు: తల, కళ్లు, చెవులు, ముక్కు, గొంతు. నోరు లేదు. మరి గొంతులోకి ఎటునుంచి దిగుతారో నాకైతే అర్థం కాలేదు. ముక్కులోంచేమో! ఈ ఐదింటికి నోరు కూడా చేర్చండి మహాప్రభో అని న్యూయార్క్ యూనివర్సిటీ నర్సింగ్ కాలేజీ వాళ్లు 2015లో రాస్తే అదొక కొత్త ఆలోచనగా చెప్పుకున్నారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఐదేళ్ల కొడుకుని అడిగినా మొహం మీద నోరుందని చెప్తాడు.

ఇక నా సంగతి. షుగరు పదకొండేళ్లుగా ఉంది, బీపీ ఆరేళ్లుగా. నిరుడు మూడు నెలల సగటు షుగరు టెస్టు 8.3 వచ్చింది. డాక్టరు గారు కళ్లజోడు పైనుంచి చూసి "స్వీట్లు తింటున్నారా?" అన్నారు. పక్కనే ఉన్న మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఒంట్లో మిగిలిన కాస్త ఇన్సులిన్ కూడా ఆవిరైపోయింది. ఆ సాయంత్రమే సున్నుండల డబ్బా బీరువాలోకి వెళ్లి తాళం పడింది. మాత్ర డోసు పెరిగింది. అన్నం తగ్గింది. షుగరు మాత్రం తగ్గలేదు.

ఆ రోజుల్లోనే పొద్దున్నే బ్రష్ చేస్తే నురగ గులాబీ రంగులో వచ్చేది. బ్రష్ గట్టిదేమో అనుకున్నాను. డాక్టరు గారు అడగలేదు, నేను చెప్పలేదు. షుగరేమో ఆయన శాఖ, నెత్తురేమో నా శాఖ. చివరికి ఒకరోజు కారప్పూస నములుతుంటే పన్ను ఊడి చేతిలోకి వచ్చింది.

అప్పుడు ఎక్కాను పై అంతస్తు. పళ్ల డాక్టరుగారు అదే బిల్డింగులో, పదహారు మెట్ల పైన ఉంటారు. ఇరవై ఏళ్లలో కింది గదిలోంచి నా పేరు మీద ఒక్క చీటీ కూడా ఆ మెట్లెక్కలేదు. నేనూ ఎక్కలేదనుకోండి. పళ్లు క్లీన్ చేయిస్తే వదులైపోతాయని, పై పన్ను పీకిస్తే చూపు పోతుందని మా మేనత్త చెప్పిన వైద్యశాస్త్రం నాకు బాగా వంటబట్టింది.

పై అంతస్తు డాక్టరమ్మ నా నోట్లో లైటు వేసి, ఒక్కో పన్ను దగ్గరా ఆగి, చిగుళ్ల లోతు కొలిచి చెప్పిందేమిటంటే, షుగరుకీ చిగుళ్ల జబ్బుకీ రెండు వైపులా రాకపోకలున్నాయట. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లు చెడితే షుగరు అదుపులోకి రానని మొండికేస్తుంది. చిగుళ్లకు వైద్యం చేస్తే ఆ మూడు నెలల టెస్టు సగటున 0.4 దాకా తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. షుగరు తెచ్చే చిక్కుల్లో చిగుళ్ల జబ్బు ఆరోదని 1993లోనే రాశారు. కళ్లకి పంపుతారు, కిడ్నీ టెస్టు రాస్తారు, అరికాళ్లు గీకి చూస్తారు. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి తమరికి గ్రీన్ సిగ్నల్!

అసలు తమాషా ఇంకా ఉంది. నా చిగుళ్లు వాచి పళ్ల మీదికి ఎక్కుతున్నాయి కదా, అందులో బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వాటా కూడా ఉండొచ్చంది ఆవిడ. ఆ మాత్రతో కొంతమందికి చిగుళ్లు పెరుగుతాయట. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్‌తో ఇంకా ఎక్కువట. అంటే మందు రాసిందీ కింది గదే, దాని ఫలితం ఉన్న దారిలో టార్చి వేసుకుని నెలనెలా తిరిగిందీ కింది గదే. ఆవిడ చీటీ రాసిచ్చింది. డాక్టరు గారు మంచివారు, చదివి మాత్ర మార్చారు. చిగుళ్లు లోతుగా క్లీన్ చేయించుకున్న మూడు నెలలకి టెస్టు 7.9 వచ్చింది. "చూశారా, అన్నం తగ్గిస్తే ఎలా ఉంటుందో!" అన్నారు.

టార్చి గారూ, ఇదంతా ఎక్కడ మొదలైందని ఆరా తీస్తే అమెరికాలో తేలింది. 1840లో బాల్టిమోర్‌లో ప్రపంచంలోనే మొదటి డెంటల్ కాలేజీ పెట్టారు. మెడికల్ కాలేజీకి వేరుగా, దాని గోడ దానిది. అప్పటినుంచి ఒళ్లు ఒక కాలేజీకి, పళ్లు ఒక కాలేజీకి పంపకాలైపోయాయి. అన్నదమ్ముల వాటాలో నూతికి దారి ఎవరిదో రాసుకోవడం మరిచినట్టు, మధ్యలో నోరు ఎవరికీ చెందకుండా పోయింది.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. ఆ బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలోనే 2007లో ఒక పన్నెండేళ్ల పిల్లాడు పుచ్చుపన్నుతో చచ్చిపోయాడు. పన్ను కింది చీము మెదడుకి ఎక్కింది. ఆ పన్ను పీకించడానికి 80 డాలర్లు సరిపోయేవి. రెండు ఆపరేషన్లు, వారాల తరబడి ఆసుపత్రి, రెండున్నర లక్షల డాలర్ల దాకా ఖర్చు. పిల్లాడు దక్కలేదు.

అక్కడ ఫ్యామిలీ మెడిసిన్ చెప్పే అధ్యాపకుల సంఘం 2005లోనే 'స్మైల్స్ ఫర్ లైఫ్' అని ఒక పాఠ్యక్రమం తెచ్చింది. అందులో ఫ్యామిలీ డాక్టర్లకి పన్ను పీకడం నేర్పరు. పసిపిల్లల పై పెదవి ఎత్తి చూడటం నేర్పుతారు. చిగుళ్ల అంచున పంటి మీద సున్నం గీతలా తెల్లటి మచ్చ కనపడితే అది పుచ్చుకి మొదలు, అక్కడే పట్టుకుంటే వెనక్కి మళ్లించవచ్చు. పన్ను పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత పూయడానికి రెండు మూడు నిమిషాలు చాలు. అక్కడి నార్త్ కరోలినా రాష్ట్రంలో 2000 నుంచి పిల్లల డాక్టర్లు, ఫ్యామిలీ డాక్టర్లు ఆ పని చేస్తున్నారు. మామూలు లెక్కే కదా. పిల్లాడు టీకాలకని ఏడాదిలో ఎన్నిసార్లు డాక్టరు ముందుకొస్తాడు? పళ్ల డాక్టరు దగ్గరికి అర్ధరాత్రి ఏడ్చాక గానీ పోడు.

మన దగ్గర? ఎంబీబీఎస్‌లో పళ్ల విభాగానికి దక్కేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులూ క్యాంటీన్‌కి దగ్గరగా ఉండే పోస్టింగని పేరు. పంటినొప్పితో వస్తే అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, ఒక నొప్పి బిళ్ల. ఆరో రోజుకి నొప్పి పోతుంది. రెండో నెలకి పెద్దబలగంతో తిరిగొస్తుంది.

పళ్లు వదిలేయండి, నోట్లో ఇంకా చాలా ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. ఆ సెగకి అంగిట్లో క్యాన్సరు వస్తుందని విశాఖ డాక్టర్లు 1950లలోనే రాశారు. అంగిలి కనపడాలంటే మీరు మెడ కాస్త పైకెత్తాలి, అంతే. గుట్కా నమిలే కుర్రాడి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టట్లేదంటే అది "సరిగ్గా తెరవట్లేదు" అని కసిరే కేసు కాదు, నోరు లోపల బిగుసుకుపోయి క్యాన్సరుకి దారి తీయగల జబ్బు కావచ్చు. 30 దాటిన ప్రతివాళ్ల నోరూ చూడాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమం చెబుతోంది. కాగితం మీద ఆశా వర్కరు దగ్గర కూడా మీ చుట్టం టార్చి ఒకరున్నారు.

కాబట్టి వచ్చే సోమవారం నేను నోరు తెరుస్తాను. "ఆ" కాస్త లాగి అంటాను. మీరు దయచేసి ప్యాసింజరు రైల్లా రండి.

ఇట్లు,
32లో 26 మిగిలిన
మీ పేషెంటు

తా.క.: ఉత్తరం పోస్టు చేసేలోగా సోమవారం వచ్చేసింది. గోల పడలేక డాక్టరు గారికే చదివి వినిపించాను. నవ్వారు. మీకు కొత్త బ్యాటరీలు వేయించారు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "పైనున్న ఆవిడ సాయంత్రం ఎన్నింటిదాకా ఉంటారు? నాకూ ఎడంపక్క కింద రెండు నెలలుగా..." అన్నారు.