‘పాత చైనే నడుస్తది అన్నా’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘పాత చైనే నడుస్తది అన్నా’ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, తమరు క్షేమమేనని తెలుసు. హైదరాబాద్‌లో ఏ సందులో ఏ మెకానిక్ షాపు ముందు బండి ఆపినా తమరి గొంతే వినిపిస్తోంది. ఇక్కడ మాత్రం క్షేమం కాదు. ఆదివారం మధ్యాహ్నం మూడైంది. నెల తిరక్కుండా రెండోసారి విప్పిన 100 సీసీ ఇంజిన్ ఎదురుగా ఉంది. హెడ్ కింద లీకు ఆపే ప్యాకింగ్ రెండోసారి చిరిగింది. విడిభాగాలు దొరికే పుత్లీబౌలిలో షట్టర్లు దించి ఉన్నాయి. వాల్వులను తెరిచే క్యామ్ కొత్తది, దాని తోపును వాల్వులకు అందించే రాకర్లు కొత్తవి, కింది క్రాంక్‌తో క్యామ్‌ను తిప్పించే టైమింగ్ చైన్ మాత్రం తమరి సిఫార్సు మీద లోపలే ఉండిపోయిన పాతది.

తమరు పుట్టింది ఎక్కడో మాకు తెలుసు. బండికి కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ మీది కవర్ దగ్గర. స్ప్లెండర్ లాంటి బండిలో క్యామ్ మార్చడం పైపై పని. టాపెట్ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు సరిచేసే మర) మూతలు తీసి, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ వదులు చేసి, క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు విప్పితే చాలావరకు అయిపోయినట్టే. చైన్ సంగతి అలా కాదు. అది అతుకులేని దండ. కింద క్రాంక్ మీది చిన్న స్ప్రాకెట్‌ను చుట్టుకుని ఉంటుంది. ఆ స్ప్రాకెట్‌కు అడ్డంగా కాయిల్ ప్లేటు, దానికి అడ్డంగా మ్యాగ్నెట్. ఆయిల్ దించాలి, గేర్ రాడ్ పీకాలి, ఎడమ సైడ్ కవర్ తియ్యాలి, మ్యాగ్నెట్ నట్టు విప్పి పుల్లర్ బిగించి లాగాలి. పుల్లర్ లేని చోట సుత్తి ఉంటుంది. సుత్తితో కొడితే లోపలి అయస్కాంతం చిట్లుతుంది, క్రాంక్ కొస దెబ్బతింటుంది, అర్ధచంద్రాకారపు కీ ఎగిరి ఏ డ్రైనేజీ జాలిలోనో పడుతుంది. ఈ కష్టానికి విడిగా కూలి అడిగితే కస్టమర్ మొహం మాడుతుంది. అప్పుడు తమరు దయచేస్తారు, చిరునవ్వుతో, చేతులు తుడుచుకుంటూ.

చైన్‌ను వేలితో ఒకసారి ఆడించి, ‘చూడన్నా, మంచిగనే ఉంది’ అంటారు. నిజమే, చూడ్డానికి మంచిగానే ఉంటుంది. ఆ కంటిచూపు మీదే మా గొడవంతా.

25హెచ్ సైజు చైన్‌లో ఒక్కో లింకు 6.35 మిల్లీమీటర్లు. 84 లింకుల చైన్ అనుకుంటే మొత్తం 533 మిల్లీమీటర్లు. చైన్ సాగింది అంటాం గానీ, ఇనుము రబ్బరు కాదు సాగడానికి. లింకు లింకుకూ పిన్నూ దాని చుట్టూ ఉన్న బుష్షూ అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర అరుగుదల 0.03 మిల్లీమీటర్లే, కాగితం మందం కూడా లేదు. దాన్ని 84 చోట్ల కూడండి. రెండున్నర మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర శాతం. పాత చైన్‌నూ కొత్త చైన్‌నూ ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీస్తే పాతది ఒకటింబావు మిల్లీమీటరు కిందికి దిగుతుంది. అంతే తేడా. తమరి కంటికి ఆనదు. ఇంజిన్‌కు ఆనుతుంది.

ఎలాగంటారా? క్రాంక్ లాగే వైపున చైన్ బిగుతుగా ఉంటుంది, వదులంతా టెన్షనర్ వైపు చేరుతుంది. టెన్షనర్ ఆ వదులును మింగుతుంది గానీ బిగువు వైపు పెరిగిన పొడవును ఏమీ చెయ్యలేదు. ఆ వైపు 200 మిల్లీమీటర్ల చైన్ ఉందనుకుంటే అర శాతం అంటే ఒక మిల్లీమీటరు. 28 పళ్ళ క్యామ్ స్ప్రాకెట్ వ్యాసార్ధం 28 మిల్లీమీటర్ల చిల్లర. దాని అంచు మీద ఒక మిల్లీమీటరు అంటే క్యామ్ 2 డిగ్రీలు వెనక్కి. క్యామ్ ఒక చుట్టు తిరిగేలోపు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి క్రాంక్ లెక్కన 4 డిగ్రీలు. వాల్వులు తెరుచుకోవడం ఆలస్యం, మూసుకోవడం ఆలస్యం. తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు తగ్గేది అందుకే. ఇద్దరెక్కి రెండో గేర్‌లో ఫ్లైఓవర్ మొదలు దగ్గర నిలిచిపోయే బండికి కావాల్సింది ఆ లాగుడే. వాల్వు టైమింగ్‌లో నాలుగు డిగ్రీలు సంపాదించుకుందామని క్యామ్ కొంటారు, ఆ నాలుగు డిగ్రీలనూ తమరు కమిషన్ కింద కొట్టేస్తారు.

అక్కడితో ఆగితే తమరు తమరెందుకవుతారు? వారం తిరక్కుండా ఎడమ పక్క నుంచి గరగర మొదలవుతుంది. కొత్త క్యామ్‌కు లిఫ్ట్ (వాల్వును తెరిచే ఎత్తు) ఎక్కువ, స్ప్రింగు గట్టిది వేసి ఉంటే చైన్ మీద గుంజుడు ఇంకా ఎక్కువ. మొన్నటిదాకా నోరు మూసుకున్న పాత చైన్ అప్పుడు నోరు తెరుస్తుంది. దానికి తమరి తమ్ముడు ‘టాపెట్ సౌండ్ అన్నా’ గారు వైద్యం చేస్తారు. టాపెట్ చప్పుడు ఆర్‌పీఎంతో పాటు లెక్కగా టిక్కు టిక్కుమంటుంది. చైన్ చప్పుడుకు లెక్క ఉండదు. యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో రాళ్ళు దొర్లినట్టు గలగలమంటుంది. ఈ తేడా వినని చెవులు టాపెట్ బిగిస్తాయి, మళ్ళీ బిగిస్తాయి, సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకుండా ఆ సందు మాయమయ్యేదాకా బిగిస్తాయి. సందు లేని వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చోకపోతే వేడి హెడ్‌లోకి దిగదు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. మూడు నాలుగు వందల చైన్ మిగిల్చినందుకు వాల్వు, సీటు, లేత్ కూలి. తమరి పొదుపు పాఠం ఇదీ.

ఇక తమరి బంధువర్గం. పాత రాకర్ల మీద కొత్త క్యామ్ వేసే మహానుభావులకు నమస్కారం. అరిగిన రాకర్ ముఖం క్యామ్ మీది కొత్త లోబ్‌ను (ఉబ్బును) తిని తన ఆకారానికే తెచ్చుకుంటుంది. క్యామ్‌కు గ్రీజు కూడా రాయకుండా పొడిగా బిగించి కిక్ కొట్టేవారికి ఇంకో నమస్కారం. చైన్‌ను కోసి, కొత్తది దాని తోకకు కట్టి లోపలికి లాగి, సుత్తితో రివిట్ కొట్టేవారి ధైర్యానికి మాత్రం సాష్టాంగం. పుత్లీబౌలిలో ‘అన్నిట్లకు అదే పడ్తది’ అంటూ 84 లింకుల చైన్ అడిగితే 82 లింకులది కట్టబెట్టే కౌంటరుకు ఏమీ చెప్పం. ఇంటికొచ్చి లింకులు లెక్కపెట్టుకోవడం మా అలవాటైపోయింది.

సరే, తమరి చెవికి ఇంపుగా ఉండదు గానీ, పని ఎలా చెయ్యాలో కూడా వినండి. చైన్‌తో పాటే టెన్షనర్ రబ్బరు, గైడ్ రోలర్ మార్చాలి. గట్టిపడి పగిలిన రబ్బరు ముక్కలు కిందికి జారి ఆయిల్ జాలికి అడ్డం పడతాయి, ఆయిల్ అందక ఆ ఆకలి ముందు తగిలేది పైనున్న క్యామ్‌కే. చైన్ పై కొసను రాగి తీగతో కట్టి ఉంచాలి, చైన్ దారిలో గుడ్డ కుక్కాలి, లేకపోతే జారిన స్ప్రాకెట్ బోల్టు కోసం ఇంజిన్ సగం విప్పాల్సి వస్తుంది. మ్యాగ్నెట్ మీద ‘T’ గీతను (పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పే గీత) కేసింగ్ గాటుకు తేవాలి, క్యామ్ స్ప్రాకెట్ మీది ‘O’ అక్షరం గుర్తును హెడ్ గాటుకు తేవాలి. ‘T’ ముందు ‘F’ గీత వస్తుంది, అది ప్లగ్ స్పార్క్ వేళ కోసం. తొందరలో ‘F’ మీద ఆపినవాడికి పైన గుర్తు సగం పన్ను పక్కకు కనిపిస్తుంది. అప్పుడు వెంటనే తమరు ప్రత్యక్షం: ‘పాత చైన్ కదన్నా, అంత తేడా ఉంటది.’ ఉండదు. అరుగుదల రెండు డిగ్రీలు, పన్ను తప్పితే పదమూడు డిగ్రీలు. ఆ రెండిటినీ ఒక గాటన కట్టకండి. స్ప్రాకెట్ బోల్టు ఎం6 (6 మిల్లీమీటర్లది) అయితే సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, పానా మీద బలం చూపిస్తే మర పోతుంది. చివర్లో క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాలి, మ్యాగ్నెట్ వైపు నుంచి చూస్తూ అపసవ్యంగా. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగాలి. అది పిస్టన్‌ను వాల్వు పలకరించడం. తగలకపోతే గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసి, అప్పుడే మూత పెట్టాలి.

ఇన్ని గౌరవ వాచకాలు ఇక చాలు. ఒరేయ్, నీకు తెలుసు. ఆ చైన్‌ను పట్టుకున్నప్పుడే నీ చేతికి తెలుసు. దాని పై కొసను పక్కకు ఆడిస్తే తోరణంలా వంగిపోయింది. కొత్తది అంతగా వంగదు. చూశావు, తెలిసింది, అయినా అన్నావు. మ్యాగ్నెట్ లాగే ఓపిక లేదని చెప్పి ఉంటే ఇంకో గంట కూలి ఇచ్చేవాళ్ళం, లేదా పుల్లర్ అద్దెకు తెచ్చేవాళ్ళం. ఓపిక లేకపోవడానికి నీ నోటితో ‘నడుస్తది’ అనే పేరు పెట్టావు.

అయినా నిన్ను పూర్తిగా వెళ్ళగొట్టలేం. హైవే మీద, వానలో, పొద్దుగూకుతున్నప్పుడు, ఎలాగోలా బండిని ఇల్లు చేర్చిందీ నువ్వే. రెండు వేల కిలోమీటర్ల కిందట వేసిన చైన్ మీద నువ్వు ఆ మాటంటే సంతకం కూడా పెడతాం. నలభై వేలు తిరిగిన చైన్ మీద మాత్రం, దయచేసి, నోరు విప్పకు. పానా విప్పు.

ఇట్లు,
ఒక చేత్తో పుల్లర్, ఇంకో చేత్తో చిరిగిన ప్యాకింగ్ పట్టుకున్నవాళ్ళు

తా.క.: టెన్షనర్ ప్యాకింగ్ కూడా చిరిగింది. దాని గురించి ‘బాండ్ పూస్తే ఆగుతది అన్నా’ గారికి వేరే ఉత్తరం రాస్తున్నాం.