మూడు రాత్రుల బ్యాంకాక్‌లో పట్టాయా ఎందుకు?

హైదరాబాద్‌లో ట్రావెల్ ఏజెంట్లు థాయ్‌లాండ్ అనగానే బ్యాంకాక్, పట్టాయాలను జంటగానే చూపిస్తారు. వారం రోజులుంటే సరే. మూడు రాత్రుల ప్రయాణంలో మాత్రం ఆ జంట నష్టమే. మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లు, రోడ్డు ఖాళీగా ఉంటే రెండు గంటలు. కానీ ఒక హోటల్ ఖాళీ చేసి, బస్సు కోసం కూర్చుని, అక్కడ మధ్యాహ్నం గది ఇచ్చేదాకా ఆగి, మళ్లీ వెనక్కి రావడానికి ఒక పగలు హరించుకుపోతుంది. మూడు పగళ్లూ బ్యాంకాక్‌కే ఇవ్వండి.

అక్కడ కాలాన్ని మింగేది ట్రాఫిక్. కాబట్టి హోటల్ స్టార్ల సంగతి తర్వాత, రైలు స్టేషన్ ఎంత దూరమో ముందు చూడాలి. మనవాళ్లు ఎక్కువగా దిగే ప్రతునాం ప్రాంతం బట్టల కొనుగోళ్లకు మంచిదే. కానీ అక్కడి చాలా హోటళ్ల నుంచి బీటీఎస్ (వంతెన మీద నడిచే స్కైట్రైన్) స్టేషన్‌కు ఎండలో పావుగంట నడక. అసోక్, సాలా డేంగ్ స్టేషన్ల దగ్గరైతే బీటీఎస్, ఎంఆర్‌టీ (మెట్రో రైలు) రెండూ కలుస్తాయి. 2019లో ఎంఆర్‌టీ బ్లూ లైన్‌ను పొడిగించాక పాత బ్యాంకాక్ చాలా సులువైంది. వాట్ మంగ్‌కాన్‌లో దిగితే చైనాటౌన్, శామ్ యోట్‌లో దిగితే మన భోజనం దొరికే పహురాట్, శనామ్ చాయ్‌లో దిగితే వాట్ ఫో బౌద్ధాలయం. బీటీఎస్ టికెట్ ఎంఆర్‌టీలో చెల్లదు. ఎంఆర్‌టీ గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా లేదా మాస్టర్ కార్డు తాకిస్తే చాలు.

బయల్దేరే ముందు రెండు పనులు. 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరే తేదీకి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. రెండోది, టికెట్ మీద విమానాశ్రయం పేరు. సువర్ణభూమి అయితే రైల్ లింక్‌లో అరగంటలోపు ఫయా థాయ్ చేరి బీటీఎస్ ఎక్కొచ్చు. థాయ్ ఎయిర్‌ఏషియా దిగేది దాన్ ముయాంగ్‌లో. అక్కడి నుంచి రెడ్ లైన్ రైలులో బాంగ్ సూ దాకా వెళ్లి ఎంఆర్‌టీకి మారాలి.

గ్రాండ్ ప్యాలెస్‌కు మొదటి పగలే, ఎనిమిదిన్నరకు తలుపు తీసేసరికి ఉండాలి. టికెట్ 500 బాత్‌లు, మధ్యాహ్నం మూడున్నర దాకానే ఇస్తారు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. శనామ్ చాయ్ నుంచి వస్తే పొడవాటి తెల్లగోడ పక్కనే నడవాలి. సందర్శకుల ద్వారం ఉత్తరం వైపు, నా ఫ్రా లాన్ రోడ్డులో ఉంది. దారిలోని గేట్లు మూసి ఉంటాయి. సరిగ్గా అక్కడే శుభ్రంగా బట్టలు వేసుకున్న మనిషి ఎదురై, ‘ఈ రోజు పూజ, ప్యాలెస్ మూసేశారు’ అంటాడు. ఎదురుగా మూసిన గేటు ఉంది కాబట్టి నమ్మేస్తారు. చవకగా తిప్పుతానంటూ టుక్‌టుక్ వస్తుంది, చివరికి రత్నాల దుకాణం ముందు ఆగుతుంది. జవాబు చెప్పకుండా ఉత్తరం వైపు నడవండి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోకపోవచ్చు. అది చూశాక వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూసి, తా తియెన్ రేవులో పడవెక్కితే అవతలి ఒడ్డునే వాట్ అరుణ్ ఆలయం.

శాకాహారులు ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. చేపల సాస్, రొయ్యల ముద్ద కూరల్లో మామూలే. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న ‘జే’ దుకాణాల్లో అవి ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.

చాతుచాక్ సంత చూడాలంటే శని లేదా ఆదివారం కలిసేలా టికెట్ తీసుకోవాలి. పెద్ద దుకాణంలో ఒకే రోజు కనీసం 2,000 బాత్‌లకు కొంటే వ్యాట్ వాపసు ఫారం అడగండి. కొన్న వస్తువుల మొత్తం విలువ 20,000 బాత్‌లు లేదా అంతకు మించితే, తిరుగు ప్రయాణంలో సామాను చెకిన్ చేయకముందే కస్టమ్స్ ముద్ర వేయించాలి. పెట్టె బెల్టు మీదికి వెళ్లిపోయాక వస్తువులు చూపించలేరు, వాపసూ రాదు.