కాంపోనెంట్ డ్రాప్‌డౌన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాంపోనెంట్ డ్రాప్‌డౌన్ గారికి, బగ్ కంటపడిన పాపానికి ఒక యూజర్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం, నా తారీఖులే క్షేమంగా లేవు.

క్యాలెండర్‌లో ఐదో తారీఖు నొక్కితే నాలుగో తారీఖు సేవ్ అవుతోంది. నాకు తెలిసింది ఇంతే. అది చెబుదామని మీ బగ్ రిపోర్ట్ ఫారం తెరిచాను. టైటిల్ రాశాను, స్క్రీన్‌షాట్ పెట్టాను, ఏ వెర్షనో ఏ బ్రౌజరో కూడా రాశాను. చివర్లో తమరు, నెత్తిన ఎర్ర చుక్కతో: 'ఏ కాంపోనెంట్?' అంటే, తప్పు సాఫ్ట్‌వేర్‌లోని ఏ భాగంలో ఉందని. తెరిస్తే 14 పేర్లు, అన్నీ ముద్దుపేర్లే. ఒకటి పక్షి, ఒకటి గ్రహం, ఇంకొకటి ఎవరి పెంపుడు కుక్కో. ఇందులో తారీఖు ఎవరింట్లో ఉంటుందండీ? తప్పెక్కడుందో తెలిస్తే రిపోర్టెందుకు, సరిచేసిన కోడే (ప్యాచ్) పంపేవాణ్ణి. జబ్బు పేరు చెబితేనే ఓపీ చీటీ ఇస్తామన్నట్టుంది మీ వరస.

దేవుడి మీద భారం వేసి ఫ్రంటెండ్ (తెర మీద కనిపించే భాగం) అన్నాను. ఆ టీమ్ వాళ్లు 'సర్వర్ ఏదిస్తే అది చూపిస్తాం' అని ఒక లేబుల్ తగిలించి వెళ్లిపోయారు. సర్వర్ రిపోలో (వాళ్ల కోడ్ ఉండే చోట) రిపోర్ట్ టెంప్లేట్ వేరు కాబట్టి మళ్లీ మొదటి నుంచీ రాశాను. 'మాకు వచ్చిందే నాలుగు' అన్నారు. తారీఖుల లెక్కలు చూసే డేట్ లైబ్రరీకి రాస్తే వాళ్లు ఇంకా మర్యాదస్తులు, 'అది అలాగే పనిచేయాలి' అని మూసేశారు. ఈలోగా మొదటి ఇష్యూలో (అదే, నా మొదటి రిపోర్టులో) 60 రోజులుగా కదలిక లేదని ఒక బాట్ వచ్చి 'స్టేల్' (పాతబడింది) అని ముద్ర కొట్టింది.

తీరా తవ్వి చూస్తే సంగతి ఇదీ. యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం) కంటే ముందుండే టైమ్‌జోన్‌లో ఐదో తారీఖు మొదలైన క్షణానికి యూటీసీలో ఇంకా నాలుగే. ఫ్రంటెండ్ తారీఖుకి అర్ధరాత్రి టైమ్ తగిలించి యూటీసీలోకి మార్చమంది, లైబ్రరీ చెప్పినట్టే మార్చింది, సర్వర్ టైమ్ కత్తిరించి తారీఖు దాచుకుంది. ఎవరి మటుకు వారు కరెక్టే. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిలి పట్టినవాడే లేడు.

మీ వంశమంతా ఇంతే అనను. ఫైర్‌ఫాక్స్ వాళ్ల బగ్‌ల చిట్టా బగ్‌జిల్లాలో 'అన్‌ట్రయాజ్డ్' అనే కాంపోనెంటే ఉంది: తెలియనివాళ్లు అందులో వేస్తే తెలిసినవాళ్లు సర్దుతారు. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్పు ప్యాకేజీ మీద పడ్డ బగ్‌ని ఒక్క 'రీఅసైన్' ఈమెయిల్‌తో, అదే నంబరుతో, వేరే ప్యాకేజీకి మార్చేస్తారు. లైనక్స్ కెర్నెల్‌లోనైతే ఫైల్ పేరిస్తే ఎవరికి రాయాలో చెప్పే స్క్రిప్టుంది (ఆ ఫైలేదో మళ్లీ మనమే కనుక్కోవాలనుకోండి). కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో కూడా ఒకే ఆర్గనైజేషన్ రిపోల మధ్య ఇష్యూని ట్రాన్స్‌ఫర్ చేసే వీలుంది. అనుమతి ఉన్నవాళ్లకే ఆ బటన్ కనిపిస్తుంది, వాళ్లకేమో మా ఇష్యూ కనిపించదు.

నేను కోరేది ఒక్కటే. మీ జాబితా అడుగున 'తెలియదు' అని ఒక్క వరస పెట్టించండి.

ఇట్లు,
నాలుగో తారీఖులోనే ఉండిపోయిన మీ యూజర్

తా.క.: ఈ ఉత్తరం ముందు మీ ఫారంలోనే పంపబోయాను. సబ్మిట్ నొక్కగానే ఎర్రబడ్డారు. కాంపోనెంట్ ఎంచుకోలేదట.