ఎక్కడ కలిపినా ఒకటేనట!

ఇంకా ఒళ్లు మండిపోతోంది. పొద్దున్న మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన మ్యాప్ పెట్టాడు. జనగణన అయ్యాక డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల సరిహద్దులు మళ్లీ గీయడం, జరిగితే మన రాష్ట్రంలో లోక్‌సభ సీట్లు ఎలా మారొచ్చో ఎవరో ఊహించి రంగులు వేసిన మ్యాప్ అది. గుంటూరు వాళ్లు గుంటూరు కోసం, విజయవాడ వాళ్లు విజయవాడ కోసం గీత గీతకీ కొట్టుకున్నారు. ఏ మండలం ఎటు పోతే ఏ కులం ఓటు తగ్గుతుందో లెక్కలు తీశారు. నేను ఊరుకోలేక, మరి మా అరకు సంగతేంటి అని అడిగాను. ఆయన ఇచ్చిన జవాబు: "అరకుదేముంది బ్రదర్, అడవే కదా, ఎక్కడ కలిపినా ఒకటే." దాని కింద వరసగా నవ్వు ఎమోజీలు. ఒక్కడంటే ఒక్కడు తప్పురా అనలేదు.

ఆ మాట ఈయన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మా కొండల మీద గీతలు గీసిన ప్రతిసారీ గీసినవాళ్ల మనసులో ఉన్నది ఇదే మాట. ఈయన పైకి అన్నాడంతే.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. 2009 ఎన్నికలకి ముందు అరకు అనే లోక్‌సభ సీటే లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీలకి రెండు లోక్‌సభ సీట్లు ఉండేవి, ఒకటి పార్వతీపురం, రెండోది భద్రాచలం. జస్టిస్ కుల్దీప్ సింగ్ డీలిమిటేషన్ కమిషన్ 2001 జనాభా లెక్కలు పట్టుకుని సరిహద్దులు మార్చినప్పుడు ఆ రెండు సీట్లూ పోయాయి. 2008 ఉత్తర్వులతో అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్ ఎస్టీ సీట్లయ్యాయి. రెండు ఉన్నవి మూడయ్యాయి కదా, ఇంకా ఏడుపెందుకు అంటారు. రాష్ట్రం విడిపోయాక మాకు మిగిలింది ఎన్ని? 25 సీట్లలో ఒక్కటి.

ఆ ఒక్కటీ ఎలా తయారైందో చూడండి. శ్రీకాకుళం జిల్లా నుంచి పాలకొండ. విజయనగరం నుంచి కురుపాం, పార్వతీపురం, సాలూరు. విశాఖ నుంచి అరకు లోయ, పాడేరు. తూర్పు గోదావరి నుంచి రంపచోడవరం. నాలుగు జిల్లాల్లో కొండ కనిపించిన చోటల్లా కత్తిరించి, దర్జీ కొట్లో మిగిలిన పీలికలతో బొంత కుట్టినట్టు కుట్టేశారు. ఏడింటిలో పార్వతీపురం ఎస్సీ, మిగతా ఆరూ ఎస్టీ. రాష్ట్రం మొత్తానికి ఉన్న ఏడు ఎస్టీ అసెంబ్లీ సీట్లలో పోలవరం తప్ప అన్నీ ఈ ఒక్క ఎంపీ కిందే. ఎస్టీ సీట్లు ఎస్టీ జనాభా శాతం ఎక్కువ ఉన్నచోటే పెట్టాలని చట్టంలో ఉంది, నాకూ తెలుసు. శాతం చూశారు సరే, దారి చూశారా?

పాలకొండ వాడి పనులన్నీ శ్రీకాకుళంలో. అటు రంపచోడవరం చివరనున్న ఎటపాక వాడు ఏం కావాలన్నా భద్రాచలం పోతాడు. ఇద్దరికీ ఒకే ఎంపీ. ఒకడి ఊరి నుంచి ఇంకొకడి ఊరికి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అది కూడా మా కొండల్లోంచి కాదు. మైదానానికి దిగి, హైవే ఎక్కి, వేరే ఎంపీల నియోజకవర్గాలు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుని, మళ్లీ ఇంకోచోట ఘాట్ ఎక్కాలి. మా వైపు సవరలు, జాతాపులు. మధ్యలో బగతలు, వాల్మీకులు, కోదులు, గదబలు, పోర్జాలు. అటు చివర కోయలు, కొండరెడ్లు. మా సంతలో వినిపించే సవర మాట చింతూరు సంతలో ఎవరికీ అర్థం కాదు, అక్కడి కోయ మాట మాకు అర్థం కాదు. బయటివాళ్లకి మాత్రం అందరం కలిపి గిరిజనులం, ఒకే గంపలో పడేస్తే సరిపోతుంది.

ఒక్క నియోజకవర్గంలో ఐదు ఐటీడీఏలు, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలు, ఉన్నాయండీ. సీతంపేట, పార్వతీపురం, పాడేరు, రంపచోడవరం, చింతూరు. ఐదుగురు ప్రాజెక్టు ఆఫీసర్లు చూడాల్సినంత ప్రాంతమని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2022లో ఒక్కో పార్లమెంటు సీటూ ఒక్కో జిల్లా అన్నారు. చివరికి అరకు దగ్గరికి వచ్చేసరికి కుదరక పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు అని రెండు జిల్లాలు చేశారు. చేసిన రోజున అల్లూరి జిల్లా ఒక్కటే 12 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఒక కలెక్టర్ చూడలేనంత పెద్దదని తెలిసింది కదా, మరి ఒక ఎంపీ ఎలా చూస్తారు? ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. నగరంలో అపార్ట్‌మెంట్ల మధ్య తిరిగే ఎంపీకీ అంతే, మా ఎంపీకీ అంతే. ఊళ్లకి రోడ్డే లేక గర్భిణిని డోలీలో మోసుకొచ్చే చోట ఆ 5 కోట్లు ఏ మూలకి?

ఇక అరకు అనగానే అందరికీ గుర్తొచ్చేవి వేరు. మాది గుమ్మలక్ష్మీపురం వైపు, ఉద్యోగం విశాఖలో. మీ ఎంపీ సీటు ఏదంటే అరకు అంటాను. "అబ్బ, కాఫీ తోటలు, బొర్రా గుహలు, అద్దాల రైలు!" అంటారు. మా ఊరి నుంచి బొర్రా గుహలు చూడాలంటే మేమూ టూరిస్టులమే. పార్వతీపురం అని సీటు ఉన్నప్పుడు కనీసం ఈ కొండలకి జనం ఉన్నారని తెలిసేది. ఇప్పుడు మా నియోజకవర్గం పేరు చెబితే వీకెండ్ ప్లాన్ వేస్తున్నారు. ఆ లోయలో ఉన్నవాళ్లకైనా ఏం ఒరిగింది, వాళ్ల పొలం గట్ల మీద సెల్ఫీలు తప్ప.

ఓటు సంగతి చెబుతాను వినండి. మా మేనత్త వాళ్ల ఊరు కొండ మీద. పోలింగ్ బూత్ కింద, గెడ్డకి (వాగుకి) ఇవతల బళ్లో. పోలింగ్ రోజు ఆవిడ చీకటితోనే లేచి, చోడి అంబలి తాగి, ఓటరు స్లిప్పు ప్లాస్టిక్ కవర్లో చుట్టి రవికలో దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డ దాటుతుంది. ఎండ ముదిరే వేళకి బడి వరండాలో లైన్లో కూర్చుని ఉంటుంది. ఓటేసి, మళ్లీ కొండెక్కి ఇంటికి చేరేసరికి మునిమాపు. 2024లో రాష్ట్రమంతా సాయంత్రం 6 దాకా ఓటేసింది. అరకు, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకే ఆపేశారు. పాలకొండ, కురుపాం, సాలూరులో 5కి. భద్రత కోసం అంటారు. ఎక్కువ దూరం నడిచేవాళ్లకి తక్కువ గంటలు ఇవ్వడం ఏం న్యాయమో నాకెవరూ చెప్పలేదు. ఇంత కష్టపడి వచ్చి వేసిన ఓటుని కూడా వదల్లేదు వీళ్లు. 2019లో అరకులో నోటాకి, అంటే ఎవరూ వద్దనే మీటకి, దాదాపు 48 వేల ఓట్లు పడ్డాయి. 2024లో 50 వేలు దాటాయి, గెలిచినవారి మెజారిటీ కూడా ఇంచుమించు అంతే. టీవీలో కూర్చున్న పెద్దమనుషులు తేల్చిందేంటి? గిరిజనులకి చదువు రాక, గుర్తు తెలియక నోటా నొక్కారట! మా మేనత్త పంచాయతీ ఎన్నికల్లో ఏ గుర్తు ఎవరిదో వరసగా చెబుతుంది. ఈ ఎవరూ నాకొద్దు అని చెప్పడానికి గెడ్డ దాటి వచ్చిన మనిషిని పట్టుకుని తెలివి లేదంటారా? ఆ మాట విన్న రోజున నాకు అన్నం సయించలేదు.

అసలు ఎక్కడ కలిపినా ఒకటే అన్నవాడు ఒకసారి చింతూరు వెళ్లి ఆ మాట అనాలి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక. 2014 ఏప్రిల్ 30న అక్కడి జనం తెలంగాణ ఓటర్లుగా లైన్లో నిలబడ్డారు. భద్రాచలం ఎమ్మెల్యేకి, మహబూబాబాద్ ఎంపీకి ఓటేశారు. నెల తిరగకుండానే, మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో పార్లమెంటు ఆమోదించింది, పోలవరం ముంపు కోసం ఆ ఊళ్లు ఆంధ్రాలోకి వచ్చేశాయి. వాళ్లు ఎన్నుకున్న ఎమ్మెల్యే, ఎంపీ తెలంగాణలో ఉండిపోయారు. మళ్లీ తమకంటూ ఒక ఎమ్మెల్యేని, ఎంపీని ఎన్నుకునే అవకాశం వచ్చింది 2019లో. ఇల్లు మునుగుతుందా, పరిహారం ఎంత, జాబితాలో పేరుందా అని తిరిగే ఏళ్లు అవి. సరిగ్గా ఆ ఏళ్లలోనే వాళ్లు ఓటేసిన మనిషి వాళ్ల రాష్ట్రంలో లేడు. ఒకటేనా ఇది? ఒకటే అయితే మీ మండలాన్ని అలా ఒకసారి మార్చి చూడమనండి, రోడ్ల మీద టైర్లు తగలబడవూ?

ఇటు చివర కొటియా. సాలూరు పక్కన 21 గ్రామాలు. మావంటే మావని ఆంధ్రా, ఒడిశా దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడివాళ్ల చేతిలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. 2024 మే 13న అరకుకీ ఒడిశాలోని కోరాపుట్‌కీ ఒకేరోజు పోలింగ్. పింఛను ఇటువైపు ఎక్కువా, బియ్యం అటువైపు ఎక్కువా అని జనం చూసుకుంటారని వాళ్లనే తప్పు పడతారు. తేల్చాల్సిన వాళ్లు తేల్చకపోతే ఆ జనం ఏం చేస్తారు?

2018 సెప్టెంబర్ 23 కూడా గుర్తు చేస్తాను. డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని చంపేశారు. ఏడాది లోపే గడువు మిగిలింది కాబట్టి ఉప ఎన్నిక లేదు. కిడారి కొడుకు శ్రావణ్‌ని మంత్రిని చేశారు. ఆరు నెలల్లో సభకి ఎన్నిక కాలేదని ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. చట్టం ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది, కానీ అరకు లోయకి అసెంబ్లీలో ఒక మనిషి లేకుండా నెలలు గడిచాయి. ఎంత మందికి గుర్తుంది?

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి పాత కడుపుమంట కూడా కక్కేస్తాను. ఎస్టీ సీటు అని పేరే గానీ, పార్వతీపురం రోజుల నుంచీ అది కోటల చుట్టూ తిరిగింది. కురుపాం రాజవంశం నుంచి కిశోర్ చంద్రదేవ్ ఐదుసార్లు లోక్‌సభకి వెళ్లారు, 2009లో అరకు మొదటి ఎంపీ కూడా ఆయనే. శత్రుచర్ల విజయరామరాజు గారిదీ దొరల ఇల్లే. కిశోర్ చంద్రదేవ్ గారు కేంద్రమంత్రిగా ఉండి మా కొండల్లో బాక్సైట్ తవ్వకాల లీజులు రద్దు చేయమని 2012లో గవర్నర్‌కి లేఖ రాశారు. ఆ మేలు మర్చిపోను, చేతులెత్తి దండం పెడతాను. కానీ మా తాతలు కోట గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు, మేము ఓటు పుచ్చుకున్నాక కూడా అదే గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చిందని మా నాన్న అనేవాడు. 2019లో టీడీపీ నుంచి కిశోర్ చంద్రదేవ్, కాంగ్రెస్ నుంచి ఆయన కూతురు పోటీ చేశారు. ఇద్దరినీ ఓడించి, టీచరుగా పనిచేసిన గొడ్డేటి మాధవి 2 లక్షల 24 వేల మెజారిటీతో గెలిచారు. ఆ రాత్రి మా నాన్న నిద్రపోలేదు, సంతోషంతో.

ఇంకోటి ఎవరూ చెప్పరు. 2014లో కొత్తపల్లి గీత, 2019లో మాధవి, 2024లో డాక్టర్ గుమ్మా తనూజా రాణి. వరసగా మూడుసార్లు ఆడవాళ్లని ఢిల్లీ పంపింది మా అరకు. ఏ మహిళా రిజర్వేషన్ లేకుండానే. చట్టసభల్లో ఆడవాళ్లకి మూడో వంతు సీట్లని 2023లో రాజ్యాంగ సవరణ చేసి, అది కూడా డీలిమిటేషన్ తర్వాతే అని వాయిదా వేశారు పెద్దలు. అడవే కదా అన్న చోట జనం ఆ పని ముందే చేసి చూపించారు. వెనకబడిన వాళ్లం మేమా?

మళ్లీ గీతలు గీసే రోజు వస్తోంది. పోయినసారి లాగే అయితే డీలిమిటేషన్ కమిషన్‌లో సహాయ సభ్యులుగా రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు కూర్చుంటారు, వాళ్లకి ఓటు హక్కు ఉండదు. ఆ పదిమందిలో మా కొండ మనిషి ఉంటారో ఉండరో! ముసాయిదా వేస్తారు, అభ్యంతరాలు అడుగుతారు, తుది ఉత్తర్వు వచ్చాక కోర్టుకి వెళ్లినా మార్చడం చాలా కష్టం. కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను, మీరందరూ నాతో కలిసి అడగండి. అరకుని రెండు చేయండి. పార్వతీపురం వైపు ఒకటి, పాడేరు, రంపచోడవరం కొండలకి ఒకటి. జనాభా చాలదంటే మైదానం మండలాలు ఏవి కలపాలో మమ్మల్ని అడగండి. బహిరంగ విచారణలు విశాఖ హోటళ్లలో వద్దు. సీతంపేటలో, పాడేరులో, చింతూరులో పెట్టండి, సంత రోజున పెట్టండి. సవర, కువి, కోయ భాషలు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టండి. అభ్యంతరాల గడువు ఎప్పుడో అయిపోయాక పేపర్లో చదివి తెలుసుకోవడం మావల్ల కాదు. ఆ నోటీసు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీదా ముందే అంటించండి, మా మేనత్త ఊళ్లో కూడా.