తాళంచెవి ఎవరిదైతే ఆకాశవాణి వారిదే

చేతిలో రిమోటు ఉన్న ప్రతివాడూ తానొక కేంద్ర సంచాలకుణ్ణన్న భ్రమలో ఉన్నాడు. ఇంట్లో మూడొందల ఛానళ్ళు, జేబులో ఫోను, ఆ ఫోన్లో ఇంకో మూడొందలు. ఇన్ని ఉండీ, కంచం ముందు కూర్చున్నవాడు పప్పన్నం నుంచి పెరుగన్నం దాకా వేలితో వెతుకుతూనే ఉంటాడు. చెయ్యి కడుక్కునే వేళకి ఒక సబ్బు ప్రకటన దొరుకుతుంది. జనం ఇంత అవస్థ పడుతుంటే ఏలినవారు చోద్యం చూస్తూ కూర్చోవడం భావ్యం కాదు. పంచాయతీ రేడియోను తక్షణం పునరుద్ధరించాలి.

1950లు, 60లలో ఈ బెడద లేదు. ఊరికి ఒక రేడియో, రేడియోకి ఒక చెక్కపెట్టె, పెట్టెకి ఒక తాళం, తాళానికి ఒక బంట్రోతు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాదులో నిజాం వారి దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. చరిత్ర పుస్తకాలు ఈ తేదీల దగ్గరే ఆగిపోతాయి. అసలు ప్రసార వ్యవస్థ మాత్రం బంట్రోతు మొలతాడుకున్న తాళంచెవి దగ్గర మొదలయ్యేది. ఢిల్లీలో మంత్రిగారు, బెజవాడలో సంచాలకులు, ఊళ్ళో బంట్రోతు. ముగ్గురిలో శ్రోతకి అందుబాటులో ఉన్న అధికారి మూడోవాడే. ఆయన వియ్యంకుడి ఊరికి వెళ్ళిన రోజున దేశంలో ఏమీ జరగలేదన్నమాట. జరిగి ఉంటే రేడియోలో చెప్పేవారు కదా!

పునరుద్ధరణ అంటే పాత సెట్టొకటి కొని షోకేసులో పెట్టడం కాదు. ముందు ఏరియల్ కట్టాలి. రెండు సరుగుడు వాసాలు, ఇరవై అడుగుల ఎత్తు, ముప్పై నలభై అడుగుల ఎడం. మధ్య రాగి తీగ, రెండు కొసలా పింగాణీ గుండ్లు. గుండ్లు లేకుండా తీగని నేరుగా వాసానికి చుట్టారా, వాన పడ్డ రోజున పాట తడిసిన వాసం గుండా నేలలోకి దిగిపోతుంది. తరవాత ఎర్తు. నాలుగడుగుల గొయ్యి తవ్వి, అడుగున రాగిరేకు పెట్టి, పైన బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చాలి. రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యాలి. వేసవిలో గొయ్యి ఎండితే గరగర పెరుగుతుంది, గొంతు తగ్గుతుంది. ఆ చెంబెడు నీళ్ళు ఎవరి విధి? బంట్రోతు స్వీపరు వైపు చూస్తాడు, స్వీపరు ప్రెసిడెంటుగారి వైపు, ప్రెసిడెంటుగారు ఆకాశం వైపు. ఆకాశం కరుణించిన నాడు రేడియో స్పష్టంగానే వినిపించేది, ఉరుములతో సహా. పిడుగుల కాలంలో ఏరియల్‌ని సెట్టు నుంచి తప్పించి నేరుగా ఎర్తుకి కలపడానికి కత్తి స్విచ్చి ఒకటి గోడకి ఉంటుంది. అది ఉందన్న సంగతి పిడుగు పడ్డాక గుర్తొస్తుంది.

కరెంటు రాని ఊరికి బ్యాటరీ సెట్టు. అందులో వాల్వులనే గాజు బుడ్లు నాలుగు: డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96. వినడానికి లారీ నంబర్లలా ఉన్నా పొదుపులో సాధ్వులు, ఒక్కొక్కటీ వెలగడానికి ఒకటిన్నర వోల్టు లోపే చాలు. అయితే పని చెయ్యడానికి 90 వోల్టులు కావాలి. రెండు వోల్టేజీలూ ఇచ్చే బ్యాటరీ ఇటుకంత ఉండి, ఇటుకకన్నా బరువు తూగి, ధరకి మాత్రం ఇల్లంత అనిపించేది. ఇంతా చేసి ఆ సెట్టు ఇచ్చే శబ్దం పావు వాటు. రేడియో ముందు ఊరంతా క్రమశిక్షణతో కూర్చునేదని పెద్దలు చెప్పే మాట నిజమే. పక్కవాడు దగ్గితే ధాన్యం ధర వినపడదు మరి.

బ్యాటరీ నీరసించినప్పుడు గొంతు క్రమంగా తగ్గుతుందని కొందరి అపోహ. కొంతమేరకే తగ్గుతుంది. ఒకటిన్నర వోల్టు ఇంచుమించు ఒకటీ పాయింటు ఒకటికి దిగిందా, మొదటి వాల్వులో స్టేషన్ని పట్టుకొచ్చే డోలనం ఠక్కున ఆగిపోతుంది. స్టేషను మాయం. 'హుష్' మాత్రం మిగులుతుంది. అప్పుడు బ్యాటరీని తీసి అరుగు మీద, వడియాల పక్కన ఎండబెట్టేవారు. ఇది మూఢనమ్మకం కాదు. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై ఇంకో పూట లాగుతుంది. ఆ పూటకి హరికథ సగం వస్తుంది. హరిశ్చంద్రుడు కాటికాపరి అయ్యేదాకా వచ్చి ఆగిపోయిన రేడియో మళ్ళీ కొత్త బ్యాటరీ మంజూరయ్యేదాకా ఆయన్ని అక్కడే ఉంచేది. ఈ అంతరాయానికి ఎవరూ చింతించేవారు కాదు. చింతించడానికి వేరే పద్దు కావాలి.

కరెంటొచ్చిన ఊళ్ళ భాగ్యం వేరు. అక్కడ యాంప్లిఫయరు పెట్టి, పంచాయతీ ఆఫీసు మీద మైకు కట్టేవారు. గొట్టం మూతి కాస్త కిందికి వంచి కట్టాలన్నది నియమం, వాన నీళ్ళు లోపలికి దిగకుండా. వంచకపోతే లోపల శబ్దం పుట్టించే పల్చటి పొర నాని, ఎవరి ప్రసంగమైనా గార్గిలు పడుతున్నట్టే ఉంటుంది. వంచితే కందిరీగలకి మేడ దొరుకుతుంది. మట్టి తెచ్చి, గొట్టం గొంతులో చిన్న చిన్న గదులు కట్టుకుంటాయి. అప్పట్నించీ వ్యవసాయ నిపుణులు పురుగుల నివారణ గురించి కందిరీగల ఇంట్లోంచి మాట్లాడతారు. దులపడానికి నిచ్చెన వేసినవాడు పాడిపంటల కార్యక్రమం పూర్తయ్యేలోగా కిందికి, నిచ్చెన అక్కర్లేకుండా వచ్చేవాడు.

సాయంత్రం చేలో మోటార్లు వేసేసరికి 230 వోల్టులు కాస్తా 170 అయ్యేవి. సెట్టు వెనక ట్రాన్స్‌ఫార్మరుకి వోల్టేజీ మార్చే బిళ్ళ ఉంటుంది. తెలిసినవాడెవడో దాన్ని కిందికి జరుపుతాడు, గొంతు గణగణ మోగుతుంది, తెలిసినవాడికి జోహార్లు. రాత్రి పదింటికి మోటార్లు ఆగిపోతాయి, వోల్టేజీ లేస్తుంది, బిళ్ళ మాత్రం జరిపిన చోటే ఉంటుంది. శాస్త్రీయ సంగీత కచేరీలో తని ఆవర్తనం నడుస్తుండగా ఎక్కువైన వోల్టేజీకి సెట్టులోని ఫిల్టరు కండెన్సరు ఢామ్మంటుంది. రసికులు దాన్ని మృదంగంలో కొత్త ముక్తాయింపనుకుని తలలూపేవారు. ఫ్యూజు పోయి సెట్టు దక్కాలి కదా అంటారా? ఫ్యూజు ఉండవలసిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం ఉంది.

ఇంత శ్రమపడి బిగించిన రేడియో దేనికి? ఊళ్ళో వాడుక ఏమిటంటే, టైము చూసుకోవడానికి. పొద్దున్నే తంబురా మీద వయొలిన్ మోగే ఆ సంకేతరాగం వినగానే గేదె దగ్గరికి వెళ్ళాలి. శివరంజని పోలికలున్న ఆ బాణీ కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అని, ఐరోపా వదిలి బొంబాయి చేరిన యూదు సంగీతజ్ఞుడు. తన కూర్పుకి కృష్ణా జిల్లాలో గేదెలు చేపుతున్నాయని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. వందేమాతరానికి కళ్ళాపి, మంగళవాద్యానికి పొయ్యి, భక్తిరంజనికి ఎసరు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యాయంటే అన్నం వార్చే వేళ. వార్తలకి ఆ పేరు అందుకే వచ్చిందని పండితులు ఒప్పుకోరు గానీ, వంటింట్లో అడిగి చూడండి. వార్తల ముందొచ్చే పిప్ పిప్ శబ్దానికి కరణంగారి గోడ గడియారం సరిచూసేవారు. రెంటికీ తేడా వస్తే బెజవాడ కేంద్రం ఆలస్యమైందనే తీర్మానం.

వార్తల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఢిల్లీలో చదివిన తెలుగు వార్తల్ని షార్ట్‌వేవ్ మీద పట్టుకుని ఇక్కడి కేంద్రాలు తిరిగి వదిలేవి. షార్ట్‌వేవ్ పైకి వెళ్ళి, ఆకాశంలో అయనావరణమనే పొరకి తగిలి కిందికి వస్తుంది. ఆ పొర కుదురుగా ఉండే రకం కాదు. ఒక దారిన వచ్చిన తరంగమూ ఇంకో దారిన వచ్చినదీ కలిసినప్పుడు కాసేపు గొంతు ఖంగుమంటుంది, కాసేపు నూతిలోకి దిగుతుంది. ఇంగ్లీషు వార్తలకి ఇందువల్ల పెద్ద నష్టం లేదు, వాళ్ళు కర్త కాగానే క్రియ చెప్పేసి చేతులు దులుపుకుంటారు. తెలుగు అలా కాదు. "ప్రతిపక్షాల వాదనను ప్రధానమంత్రి నిన్న పార్లమెంటులో తీవ్రంగా..." అనేదాకా గంట కొట్టినట్టు వినిపించి, అక్కడ గొంతు నూతిలోకి దిగి, "...వాతావరణం" దగ్గర తేలుతుంది. ఖండించారా? పరిశీలిస్తామన్నారా?

క్రియ లేని ఆ వాక్యం రచ్చబండ మీద మధ్యాహ్నం దాకా నడిచేది. మునసబు గారి క్రియ ఒకటి, కరణం గారి క్రియ ఇంకొకటి, కమ్యూనిస్టు కుర్రాడి క్రియ వేరు. మర్నాడు బస్సులో దినపత్రిక వచ్చి అసలు క్రియ బయటపెట్టేసరికి అందరికీ అందులో ఆసక్తి పోయేది. ప్రభుత్వానికి ఇంతకన్నా సౌకర్యమైన సమాచార విధానం మళ్ళీ దొరకలేదు. ఇప్పటి ఛానళ్ళు పొద్దస్తమానం క్రియలే ఇస్తున్నాయి, కర్తకీ కర్మకీ ఆధారం ఉండదు.

శ్రోతల అభిరుచిని బాగుచెయ్యడం ఆనాటి ఇంకో మహత్కార్యం. హార్మోనియం భారతీయ సంగీతానికి తగదని 1940లోనే రేడియోలోంచి గెంటేశారు. మూడు దశాబ్దాల పాటు అది స్టూడియో గడప తొక్కలేదు. పద్యం ఎత్తగానే వెనక హార్మోనియం శ్రుతి అందుకోకపోతే కృష్ణుడైనా రాయబారానికి కదలడని తెలిసిన దేశంలో ఇది సామాన్యమైన సంస్కరణ కాదు. తరవాత 1952లో సమాచార శాఖకి వచ్చిన బి.వి. కేస్కర్ గారు సినిమా పాట మీద పడ్డారు. పాటలకి కోత పెట్టారు, శాస్త్రీయ సంగీతం పెంచారు. జనం కూడా వెంటనే స్పందించారు. ముల్లుని షార్ట్‌వేవ్ మీదికి తిప్పి రేడియో సిలోను పట్టారు. సముద్రం అవతల దేశం మన పాటల్ని మనకే వినిపిస్తూ, మధ్యలో మన టూత్‌పేస్టునే మనకి అమ్ముతూ బాగుపడింది. బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలా అనే హిందీ పాటల కార్యక్రమానికి హిందీ ముక్క రాని ఊళ్ళో కూడా ముల్లు చలించేది కాదు. సిలోను తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు మేనత్త గొంతంత పరిచయం. మన వాళ్ళు మేలుకుని వివిధ భారతి మొదలుపెట్టేసరికి 1957 అక్టోబరు 3. అయిదేళ్ళ పాటు దేశాభిరుచిని కాపాడిన ఘనత, దాన్ని పొరుగు దేశానికి అప్పగించిన ఘనత కూడా ఒకరికే దక్కడం అరుదు.

ఒక్క విషయంలో మాత్రం రేడియో వాళ్ళకి ఊరి నాడి దొరికింది. అధికారి హోదాలో వస్తే ఈ జనం వినరు, చుట్టరికం కలుపుకోవాలి. అందుకే పిల్లలకి రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క. కలెక్టరు చెబితే వెయ్యని ఎరువు చుట్టాలు చెబితే వేసేవారు. కనీసం వేస్తామనేవారు.

రైతుల రేడియో సంఘాల మాట చెప్పకపోతే ఈ విన్నపం అసంపూర్ణం. 1956లో పూనా చుట్టుపక్కల ఇంచుమించు నూటయాభై ఊళ్ళలో పరీక్షించి, 1959 నుంచి దేశమంతా పెట్టారు. పదిహేను ఇరవై మంది ఒకచోట కూర్చుని అరగంట కార్యక్రమం విని, చర్చించి, సందేహాలు కార్డు మీద రాసి కేంద్రానికి పంపాలి. వినండి, చర్చించండి, ఆచరించండి అన్నది సూత్రం. మొదటిది బ్యాటరీ చేతిలో ఉంది, మూడోది అప్పు ఇచ్చేవాడి చేతిలో. రెండోదాన్ని మనవాళ్ళు శక్తివంచన లేకుండా పాటించారు. కాండం తొలిచే పురుగు మీద అడిగిన ప్రశ్నకి జవాబు రేడియోలో వచ్చేవేళకి పురుగు తన పని ముగించుకుని, సీతాకోకచిలుకలా ఎగిరిపోయి ఉండేది. జవాబు మాత్రం సరైనదే. వచ్చే ఏటికి పనికొస్తుందని మినిట్సులో రాసుకునేవారు.

టెలివిజన్ వచ్చినా ఈ పద్ధతి మార్చలేదన్నది గమనార్హం. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో వారానికి రెండు రోజుల చొప్పున బొమ్మ మొదలైనప్పుడు కూడా పదిమందికీ ఒక సెట్టే. మన ఊళ్ళకి అది 1975 ఆగస్టు 1న నేరుగా ఆకాశం నుంచే దిగింది. అమెరికా వాళ్ళు ఏటీఎస్ 6 అనే ఉపగ్రహాన్ని ఏడాదికి ఎరువిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళు. కోళ్ళగూటికి వాడే ఇనుప జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు ఏంటెన్నా, దాని కింద ఒక టీవీ. పొద్దున బడిపిల్లలకి గంటన్నర, సాయంత్రం పెద్దలకి రెండున్నర గంటలు, అందులో ఒక అరగంట ఢిల్లీ హిందీ. ఆ అరగంటలో లేచి వెళ్ళి మేతలు వేసి వచ్చేవారు. గొడుగుని ఆకాశంలో ఒక్క చుక్క వైపు గురిపెట్టి ఉంచాలి. గేదె వీపు గోక్కుందంటే బొమ్మ మీద మంచు కురుస్తుంది. టీవీకి కూడా చెక్కపెట్టె, పెట్టెకి తాళం, తాళానికి బంట్రోతు. ఈసారి రెండు తలుపుల పెట్టె, హోదా పెరిగింది.

1976 జూలై 31తో గడువు తీరి ఉపగ్రహం వెళ్ళిపోయింది. హైదరాబాదు ట్రాన్స్‌మిటరు మర్నాటి ఏడాది అక్టోబరుకి గానీ రాలేదు, అది అందని ఊళ్ళకి ఆ పాటి బొమ్మ కూడా లేదు. గొడుగు జాలీ కోళ్ళకి దక్కింది. పెట్టెకి మాత్రం సాయంత్రం ఆరయ్యేసరికి తాళం తీసి, తలుపులు బార్లా తెరిచి, ఎనిమిదిన్నరకి మళ్ళీ వేసేవారు. తెరవవద్దని పైనుంచి ఉత్తరువేదీ రాలేదు మరి.